వెలుగులోని నల్లగీతలు: జోసెఫ్ ఫ్రౌన్‌హోఫరు జీవితము

మన ప్రాంతపు బజారులో నడచు బిడ్డకు అంగళ్లపై రెండు మూడు లిపులలో వ్రాసిన బోర్డులు కనుపించును. ఇంట మాటలాడునది ఒక భాష, సంతలో వినునది మరియొకటి, కచేరీ కాగితముపై నుండునది వేరొకటి. తనకు రాని లిపిని చూచినపుడు పిల్లవాడు రెండు విధముల ప్రవర్తింపవచ్చును. అది తనది కాదని ముఖము త్రిప్పుకొని పోవచ్చును. లేదా, అర్థము తెలియకున్నను, దాని వంపులను ఉన్నవి యున్నట్లు తన పలకమీదికి దింపుకొని, చదువగల పెద్దలకు చూపవచ్చును. ఈ రెండవ మార్గమును త్రొక్కిన యొక మహనీయుని జీవితమును మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును వినిపింపదలచితిమి.

ఆయన చూచిన లిపి మనుష్యులు వ్రాసినది కాదు. అది సూర్యుని వెలుగులో నుండెను. దాని అర్థము ఆయనకు తెలియలేదు. ఐనను గీత వెంట గీతగా శ్రద్ధతో వ్రాసి పెట్టెను. ఆయన గతించిన ముప్పదిమూడేండ్లకు గాని లోకము దానిని చదువ నేర్వలేదు. నేడు నక్షత్రమునకును నక్షత్రమునకును నడుమ నున్న మహాకాశములో ఏయే పదార్థములు కలవో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుచున్నారు. ఆ విద్యకు ఓనమాలు దిద్దినవారిలో అగ్రగణ్యుడు జోసెఫ్ ఫ్రౌన్‌హోఫరు.

దక్షిణ జర్మనీలోని బవేరియా దేశమందు, డాన్యూబు నది యొడ్డున, స్ట్రౌబింగు అను పట్టణము కలదు. 1787వ సంవత్సరము మార్చి 6వ తేదీన అచ్చట ఒక అద్దములపనివాని యింట ఫ్రౌన్‌హోఫరు జన్మించెను. తలిదండ్రులకు అతడు పదునొకండవ సంతానము. చిన్ననాటనే తండ్రి పనిలో చేదోడుగా నుండవలసి వచ్చెను గనుక అతడు బడిలో నేర్చినది బహు స్వల్పము. పదియేండ్ల ప్రాయమున తల్లి గతించెను. మరుసటి యేడు తండ్రియు గతించెను.

దిక్కులేని ఆ బాలుని సంరక్షకులు మొదట ఒక వడ్రంగి వద్ద చిత్రికపట్టు పనికి పంపిరి. అతనిది బలహీనమైన శరీరము. ఆ పని అతనికి సాగలేదు. అంతట 1799లో, పండ్రెండేండ్ల వయస్సున, బవేరియా రాజధానియగు మ్యూనిచ్ నగరమునకు పంపి, అద్దములు చేయు వైక్సెల్‌బెర్గరు అను పనివాని వద్ద శిష్యునిగా కుదిర్చిరి. పని నేర్పినందుకు చెల్లింపవలసిన సొమ్ము బాలుని వద్ద లేదు గనుక ఆరేండ్లు జీతము లేకుండ పనిచేయవలెనని ఒడంబడిక. నగరములో పనిపిల్లల కొరకు సెలవుదినములందు నడచు పాఠశాల యొకటి యుండెను. బాలుడు అచ్చటికి పోయెదనని వేడుకొనెను. యజమాని ఒప్పుకొనలేదు. రాత్రులందు పుస్తకము తెరచుటయు ఆయనకు గిట్టలేదు. అద్దమునకు మెరుగు పెట్టువానికి చదువుతో పని యేమి యని ఆ యజమాని తలచియుండవచ్చును. అట్లు తలచువారు అన్ని దేశములందును అన్ని కాలములందును కలరు.

1801వ సంవత్సరము జూలై 21వ తేదీన ఆ పాతయిల్లు ఒక్కసారిగా కూలిపోయెను. యజమాని భార్య ఆ శిథిలముల క్రింద ప్రాణములు విడిచెను. బాలుడు కూలిన దూలముల నడుమ చిక్కుకొని బ్రతికి యుండెను. జనులు కొన్ని గంటలు శ్రమించి రాళ్లను, కట్టెలను తొలగించి అతనిని వెలికి తీసిరి. ఆ దేశపు ప్రభువగు మాక్సిమిలియను జోసెఫు స్వయముగా అచ్చటికి వచ్చి నిలిచి ఈ కార్యమును చూచుచుండెను. ప్రాణముతో బయటపడిన పదునాలుగేండ్ల బాలునికి ఆయన పదునెనిమిది బంగారు నాణెములు బహూకరించెను. ఆ ప్రభువు కొలువులోని ఉద్యోగియు, పరిశ్రమలు నడపువాడును అగు ఉట్జ్‌ష్నైడరు అను పెద్దమనుష్యుడు ఆ బాలునికి ఏమి కావలెనో విచారించి, గణితమును, కాంతిశాస్త్రమును బోధించు పుస్తకములను సమకూర్చెను.

ఆకస్మికముగా చేతికి వచ్చిన ధనమును ఆ బాలుడు ఎట్లు వినియోగించెనో గమనింపదగినది. బట్టలకు గాని భోజనమునకు గాని కాదు. అద్దములను సానపట్టు యంత్ర మొకటి కొనెను. మిగిలిన సొమ్మును యజమానికి చెల్లించి, శిష్యత్వములో మిగిలియున్న చివరి ఆరు మాసములను కొనివేసెను. అనగా బంగారమిచ్చి తన కాలమును తాను సంపాదించుకొనెను. పిమ్మట పేరు చీటీలు చెక్కి అమ్ముకొని జీవింప జూచెను. ఆ వ్యాపారము సాగలేదు. సిగ్గుపడక మరల పాత యజమాని వద్దనే కూలికి చేరెను. చదువును మాత్రము విడువలేదు.

1806లో, పందొమ్మిదేండ్ల వయస్సున, ఉట్జ్‌ష్నైడరును ఆయన భాగస్థులును నడపుచున్న యంత్రశాలలో అతనికి ఉద్యోగము దొరకెను. ఆ శాలవారు భూమిని కొలుచువారికిని, ఆకాశమును పరిశీలించువారికిని కావలసిన సాధనములను తయారు చేయుచుండిరి. ఆ కాలమున నెపోలియను యుద్ధములచే ఐరోపా అంతయు కల్లోలపడుచుండెను. సైన్యములకును ప్రభుత్వములకును దేశపటములు కావలెను. పటములకు సర్వే యంత్రములు కావలెను. ఆ యంత్రములకు మంచి గాజు కావలెను. మంచి గాజు మాత్రము ఎచ్చటను సులభముగా దొరకదు.

గాజుపని ఆల్ప్స్ పర్వతముల పాదమున నున్న బెనెడిక్ట్‌బోయర్ను అను చోట, సన్యాసులు విడిచిపోయిన పాత మఠమునందు జరుగుచుండెను. స్విట్జర్లాండునుండి వచ్చిన గీనాను అను వృద్ధ శిల్పి అచ్చట గాజు కరగించుచుండెను. కరగిన గాజు లోపల నెమ్మదిగా కలియబెట్టనిచో, చక్కెర పాకములో తీగలు కనుపించునట్లు, చారలు మిగిలిపోవును. అట్టి గాజుతో చేసిన కటకములో చుక్క చుక్కవలె కనుపింపదు. ఫ్రౌన్‌హోఫరు గీనాను వద్ద ఆ విద్యను నేర్చెను. కొలది యేండ్లలోనే శాలలో భాగస్థుడయ్యెను. గీనాను స్వదేశమునకు పోయిన పిమ్మట కొలుముల భారమంతయు ఆయనపైననే పడెను. పుస్తకము పట్టనీయని యింట పెరిగిన అనాథబాలుడు ఇరువదియేడేండ్లకు ఆ దేశములోని ఉత్తమమైన గాజుశాలకు అధిపతి యయ్యెను.

ఇంతవరకు చెప్పినది నిపుణుడైన పనివాని చరిత్ర. ఇక ఆయన కీర్తికి మూలమైన విషయమునకు వత్తము. ఒక చిన్న చిక్కు ఆయనను అచ్చటికి నడిపించెను.

తెల్లని వెలుగును మూడు పలకల గాజుముక్క గుండ, అనగా పట్టకము గుండ, పంపినచో అది ఎరుపు మొదలు ఊదా వరకు రంగుల పట్టీగా విడిపోవునని మన విద్యార్థు లెరుగుదురు. కటకముకూడ కొంతవరకు ఇట్లే చేయును. కావుననే చవుక దుర్భిణులలో చుక్కల చుట్టు రంగుల అంచులు కనుపించును. ఈ దోషమును పోగొట్టుటకు రెండు జాతుల గాజులతో చేసిన కటకములను జతపరుపవలెను. అందుకు ఒక్కొక్క గాజు ఒక్కొక్క రంగును ఎంత వంచునో నిర్దుష్టముగా కొలువవలెను. కాని రంగుల పట్టీలో ఒక రంగునకును మరియొక రంగునకును గట్టు లేదు. పసుపు ఎచ్చట ముగిసినది, నారింజ ఎచ్చట మొదలైనది ఎవరు చెప్పగలరు? సరిహద్దురాయి లేని పొలమును కొలుచుట యెట్లు?

దీపపు మంటను పట్టకము గుండ పరీక్షించుచుండగా నారింజ, పసుపు రంగుల నడుమ ప్రకాశించు గీత యొకటి ఎల్లప్పుడు ఒకే చోట నుండుటను ఫ్రౌన్‌హోఫరు గుర్తించెను. జాగ్రత్తగా చూడగా అది రెండు సన్నని గీతల జంట. సరిహద్దురాయి దొరకినదని ఆయన సంతసించెను. సూర్యకాంతియందును ఇట్టి గీత యుండునేమో యని 1814లో పరీక్షింపబూనెను. గదిని చీకటి చేసి, కిటికీ తలుపులోని సన్నని చీలిక గుండ మాత్రమే ఎండను రానిచ్చి, సుమారు ఇరువదినాలుగు అడుగుల దూరమున పట్టకము నుంచి, కోణములు కొలుచు యంత్రపు దుర్భిణితో చూచెను.

ప్రకాశించు గీత కనుపింపలేదు. దానికి మారుగా, రంగుల పట్టీ నడ్డముగా లెక్కకు మిక్కిలియైన నల్లని గీతలు కనుపించెను. కొన్ని సన్నము, కొన్ని లావు. కొన్ని లేతవి, కొన్ని కాటుకవలె నల్లనివి.

ఈ గీతలలో కొన్నింటిని 1802లోనే ఇంగ్లండులో వొల్లాస్టను అను పండితుడు చూచి, అవి రంగుల నడిమి హద్దులు కాబోలు నని తలచి విడిచిపెట్టెను. ఫ్రౌన్‌హోఫరు విడువలేదు. ఇది కంటి భ్రమయా? గాజు దోషమా? చీలిక దోషమా? పట్టకమును మార్చి చూచెను. చీలికను మార్చి చూచెను. దూరమును మార్చి చూచెను. గీతలు తమ తమ చోటులనుండి కదలలేదు. అప్పుడు ఆయన వానిని లెక్కపెట్టెను. ఐదువందల డెబ్బదికి పైగా నుండెను. వానిలో మూడువందలకు మించిన గీతలను పటములో వాని వాని స్థానములందు గీసెను. ముఖ్యమైనవానికి ఎరుపు కొసనుండి మొదలుపెట్టి ఏ, బి, సి, డి యని రోమను అక్షరములతో పేరులు పెట్టెను. నేటికిని ప్రపంచమంతటను శాస్త్రజ్ఞులు వానిలో ముఖ్యమైనవానిని ఆ పేరులతోనే పిలుచుచున్నారు.

సూర్యకాంతిలోని డి యను నల్లని జంటగీతల స్థానమును, దీపపు మంటలోని ప్రకాశించు జంటగీతల స్థానమును సరిచూచెను. రెండును ఒక్కటే. ఒకచోట వెలుగు, ఒకచోట చీకటి. ఈ వింతను ఆయన వ్రాసికొనెను. కారణము చెప్పలేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట ఆయన స్వభావము కాదు.

పిమ్మట దుర్భిణిని ఆకాశమువైపు త్రిప్పెను. శుక్రగ్రహపు వెలుగులో సూర్యుని గీతలే కనుపించెను. అది సూర్యకాంతినే మనకు తిరుగగొట్టుచున్నది గనుక అట్లుండుట సహజము. కాని సిరియసు నక్షత్రపు వెలుగులోని గీతలు సూర్యుని గీతలను పోలియుండలేదు. ఆకుపచ్చయందు ఒకటి, నీలమునందు రెండు వెడల్పైన నల్లపట్టీలు దానిలో నుండెను. ఈ గీతలు మన గాలివలన గాని, గాజువలన గాని కలుగుచున్నచో అన్ని వెలుగులందును ఒక్కరీతిగ నుండవలెను గదా! కావున అవి వెలుగు బయలుదేరిన తావుననే పుట్టినవని ఆయన గ్రహించెను. ఒక్కొక్క నక్షత్రము తనదైన చేవ్రాలును వెలుగుతోపాటు మనకు పంపుచున్నది.

ఈ విషయములను బవేరియా విజ్ఞాన పరిషత్తునకు సమర్పింపగా 1817లో ప్రకటింపబడెను. ఆ వ్యాసమును ఆయన తన మాతృభాషయగు జర్మనులోనే వ్రాసెను. కొలది యేండ్లకు అది ఆంగ్లమునకు భాషాంతరీకరింపబడెను. వ్రాసినదానిలో సారమున్నపుడు ఇతర భాషలవారు తామే వచ్చి తీసికొనిపోవుదురు. తెలుగున చదువుకొనుచున్న మన పిల్లలు దీనిని గుర్తుంచుకొనవలెను.

పరిషత్తువారి గౌరవము మాత్రము సులభముగా లభింపలేదు. ఉన్నత పాఠశాలలో గాని, విశ్వవిద్యాలయములో గాని చదువని చేతిపనివానిని పండితుల సరసన కూర్చుండబెట్టుట యెట్లని కొందరు సభ్యులు ఆక్షేపించిరి. ఆయన వారితో వాదములకు దిగక పనిచేయుచునే యుండెను. 1821లో 260 సన్నని తీగలను సమదూరములందు బిగించి జాలకమును నిర్మించి, దాని సాయమున వెలుగు తరంగముల పొడవును కొలిచెను. డి గీతలకు ఆయన కట్టిన కొలత నేటి కొలతకు మిక్కిలి సమీపమున నున్నది. 1822లో ఎర్లాంగెను విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. 1823లో పరిషత్తువారి భౌతిక పరికరముల భాండాగారమునకు ఆయన అధికారి యయ్యెను. 1824లో ప్రభుత్వము ఆయనకు కులీన బిరుదము నిచ్చి గౌరవించెను. అప్పటి ప్రభువు నాడు శిథిలములచెంత నిలిచిన మాక్సిమిలియను జోసెఫే. బవేరియా రాజ్యమైన పిమ్మట ఆయన రాజయ్యెను.

అదే 1824లో నేటి ఎస్టోనియాలోని డోర్పాటు వేధశాలకు ఫ్రౌన్‌హోఫరు చేసిన గొప్ప దూరదర్శిని చేరెను. దాని కటకపు వెడల్పు సుమారు 24 సెంటీమీటరులు. గడియారపు యంత్రము దానిని ఆకాశగమనమునకు అనుగుణముగా నెమ్మదిగా త్రిప్పుచుండును. దానితో స్ట్రూవె అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు మూడువేలకు పైగా జంటనక్షత్రములను పట్టికలో చేర్చెను. ఆయన రూపించిన మరియొక యంత్రముతో 1838లో బెస్సెలు అను పండితుడు హంసమండలములోని యొక నక్షత్రము మనకెంత దూరమున నున్నదో కొలిచి ప్రకటించెను.

ఆయనయందు లోపము లేకపోలేదు. కాంతిని గూర్చి కనుగొన్నదానిని దాచక ప్రకటించిన ఆయన, గాజు కరగించు విధానమును మాత్రము వ్యాపార రహస్యముగా దాచెను. ఇంగ్లండునుండి జాన్ హెర్షెలు వంటి విద్వాంసుడు వచ్చినను కొలిమి రహస్యము చెప్పలేదు. ఆ విద్యను స్వయముగా సాధింపవలెనని ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు కొన్ని యేండ్లు శ్రమపడవలసి వచ్చెను. శాల తన యొక్కనిది కాదనియు, భాగస్థుల ధనముతో నడచునదనియు ఆయన పక్షమున చెప్పవచ్చును. ఐనను దాచిన విద్యకంటె పంచిన విద్యవలననే ఆయన పేరు నిలిచినదనుట స్పష్టము.

చిన్ననాటినుండి బలహీనమైన శరీరము కొలుముల వేడికిని, ఎడతెగని శ్రమకును తాళలేకపోయెను. ఊపిరితిత్తులకు క్షయవ్యాధి సోకెను. 1826వ సంవత్సరము జూన్ 7వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్ల వయస్సున, అవివాహితుడుగానే ఆయన మ్యూనిచ్ నగరమున కన్నుమూసెను. ఆయన నక్షత్రములను మనకు చేరువ చేసెనను అర్థమిచ్చు లాటిను పదములను సమాధిపై చెక్కించిరి.

ఆయన కథ ఇచ్చట ముగిసెను. ఆయన వ్రాసిన గీతల కథ మాత్రము అప్పటికి మొదలు కాలేదు.

1859లో హైడెల్‌బెర్గు నగరమున కిర్హాఫు, బున్‌సెను అను ఇద్దరు మిత్రులు ఆ లిపిని చదువగలిగిరి. వంటయింట ఉప్పు పొయ్యిలో చిందినపుడు మంట పసుపు పచ్చగా వెలుగుటను మనమందరము చూచియున్నాము. ఉప్పులోని సోడియము అను మూలకము ఆ వెలుగునకు కారణము. ఆ వెలుగే ఫ్రౌన్‌హోఫరు దీపములో చూచిన జంటగీత. ఉప్పు మంటను సూర్యకాంతికి అడ్డముగ నుంచి కిర్హాఫు చూడగా డి గీతలు మునుపటికంటె నల్లనయ్యెను. వేడిచేసినపుడు ఏ మూలకము ఏ వెలుగును వెదజల్లునో, వెలుగు తన గుండ పోవునపుడు ఆ వెలుగునే మ్రింగివేయును. సూర్యుని పైపొరలలో సోడియము వాయురూపమున నున్నది గనుక ఆ చోట చీకటిగీత యేర్పడినది. ఇట్లే ప్రతి మూలకమునకును తన గీతలు కలవు. సూర్యుని చెంతకు పోకుండగనే సూర్యునిలో ఇనుము కలదనియు, కాల్షియము కలదనియు తెలిసెను.

ఇచ్చట మన తెలుగునేలకును ఈ చరిత్రకును సంబంధము కలదు. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సునుండి జాన్‌సెను అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాలాధికారి పోగ్సను మచిలీపట్టణమున నిలిచి చూచెను. సూర్యుని అంచున లేచు జ్వాలలలో ప్రకాశించు గీతలు కనుపించెను. వానిలో డి గీతల సమీపమున పసుపుగీత యొకటి యుండెను. ఆ యేటి అక్టోబరులో ఇంగ్లండునుండి లాకియరు ఆ పసుపుగీతను మరల చూచి, అది సోడియపు గీత కాదని నిర్ణయించెను. దానికి కారణమైన క్రొత్త మూలకమునకు సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియము అని పేరు కలిగెను. 1895లో గాని అది భూమిపై దొరకలేదు. ఫ్రౌన్‌హోఫరు నాటిన సరిహద్దురాయి లేనిచో ఆ గీత డి గీతకు ప్రక్కదని చెప్పుట కూడ సాధ్యమయ్యెడిది కాదు.

1864లో ఇంగ్లండున హగ్గిన్సు అను విద్వాంసుడు ఒక నీహారికను పరీక్షించి, అది చుక్కల గుంపు కాదనియు, వెలుగుచున్న వాయువే యనియు తెలిసికొనెను. ఐనను నక్షత్రముల నడుమ చీకటిగా కనుపించు చోట ఏమియు లేదనియే పలువురు తలచుచుండిరి. 1904లో జర్మనీలోని పోట్స్‌డాం వేధశాలయందు హార్ట్‌మను అను శాస్త్రజ్ఞుడు ఆ తలంపును కదలించెను. మృగశిర నక్షత్రమునకు సమీపమున మూడు చుక్కలు వరుసగా నుండుటను మనమెల్లరము చూచుచుందుము. వానిలో మొదట ఉదయించునది నిజమునకు ఒకదాని చుట్టు ఒకటి తిరుగు నక్షత్రముల కూటమి. నక్షత్రము మనవైపు వచ్చునపుడును, దూరముగ పోవునపుడును దాని గీతలు ఇటునటు జరుగుచుండును. కాని ఒక కాల్షియపు గీత మాత్రము కదలక నిలిచియుండెను. అది ఫ్రౌన్‌హోఫరు వరుసను పొడిగించి తరువాతివారు కె యని పేరు పెట్టిన గీత. కదలు నక్షత్రముతో పాటు కదలని గీత ఆ నక్షత్రమునది కాజాలదు. మనకును దానికిని నడుమ నెచ్చటనో కాల్షియపు వాయువు కలదని హార్ట్‌మను చెప్పెను.

1919లో అమెరికాలోని లిక్ వేధశాలయందు మేరీ లీ హీగరు అను యువతి ఆ నక్షత్రమునందే కదలని మరియొక గీతల జంటను కనుగొనెను. అవి సోడియపు డి గీతలు! ఒక అద్దములపనివాడు దీపములో చూచి, సూర్యునిలో చూచి, కారణము తెలియక అక్షరము మాత్రము పెట్టి యుంచిన ఆ గీతలే నక్షత్రముల నడిమి శూన్యము శూన్యము కాదని సాక్ష్యము చెప్పెను.

ఆ ప్రదేశమందలి పదార్థము ఎంత పలుచనిదో ఊహించుట కష్టము. మన గాలిని ఘన సెంటీమీటరు తీసికొన్నచో అందలి అణువుల సంఖ్య 2 ప్రక్కన పందొమ్మిది సున్నలకు మించును. నక్షత్రముల నడుమ అంతే చోటున సగటున సుమారు ఒక్క పరమాణువు కలదు. ఐనను వెలుగు వందల యేండ్లు ప్రయాణము చేసి వచ్చును గనుక త్రోవలో నున్న పరమాణువులన్నియు కలిసి తమ గుర్తును దానిపై వేయగలవు. 1937లో కర్బనమును ఉదజనియు కూడిన అణువు ఆ ప్రదేశమున నున్నట్లు గీతల వలననే తెలిసెను. 1963 తరువాత రేడియో తరంగములందును ఇట్టి గీతలను చదువ నేర్చిరి. 1968లో అమ్మోనియా, 1969లో నీటియావిరి కనుగొనబడెను. నేటికి 300కు పైగా అణువులు గుర్తింపబడినవి. నక్షత్రములును గ్రహములును ఇట్టి మేఘములనుండియే పుట్టును గనుక ఇది మన పుట్టుపూర్వోత్తరముల విచారణయే యగుచున్నది.

ఈ గ్రంథము ఇంకను పూర్తిగా చదువబడలేదు. హీగరు సోడియపు గీతలతో పాటు, సన్నగా కాక మసకగా వెడల్పుగా నున్న మరికొన్ని పట్టీలను కూడ గుర్తించి 1922లో ప్రకటించెను. అట్టివి నేటికి వందలకొలది తెలిసినవి. వానిలో కొన్ని, అరువది కర్బన పరమాణువులు బంతివలె కూడిన విద్యుదావేశము గల అణువువలన కలుగుచున్నవని 2015లో ప్రయోగశాలయందు నిర్ధారణ చేసిరి. తక్కినవానిలో మిక్కిలి భాగము ఏ పదార్థమువో నేటికిని తెలియదు. అవి వ్రాయబడియున్నవి. చదువువారి కొరకు వేచియున్నవి.

తలిదండ్రులకు ఒక మాట విన్నవింతుము. ఫ్రౌన్‌హోఫరును పనిలో పెట్టుట తప్పు కాలేదు. ఆ చేతిపనియే ఆయనకు వెలుగు గుట్టును చూపినది. పనిచేయు చేతినుండి పుస్తకమును లాగివేయుటయే తప్పు. ఆ లోపమును పదునెనిమిది నాణెములును, పుస్తకములిచ్చిన యొక పెద్దమనుష్యుడును సరిదిద్దిరి. ఇల్లు కూలునంతవరకు ఆగకయే మనము ఆ సాయము చేయవచ్చును.

విద్యార్థులకు వేరుగ చెప్పవలసినది లేదు. ఈ రాత్రి ఆకాశము నిర్మలముగ నున్నచో వెలుపలికి వచ్చి చుక్కలను చూడుడు. ఆ వెలుగులో గీతలు కలవు. వానిలో కొన్నింటి అర్థము ఇంకను ఎవరికిని తెలియదు.